విన్నది విన్నట్టు చెప్పిన మనిషి

మా కంపెనీలో దొంగ అని ముద్రపడి బయటికి వెళ్ళిన మనిషి ఇంతవరకూ ఒక్కడే. ఆయన ఎవరి సొమ్మూ చిల్లిగవ్వ ముట్టుకోలేదు. ముట్టుకున్నవాళ్ళెవరో మాకు తెలియదు, తెలిసే దారీ లేదు. అన్నీ తెలిసి నోరు మూసుకున్నవాళ్ళు మాత్రం ఇప్పటికీ ఏసీ గదుల్లో కూర్చుని మా సెలవు చీటీల మీద సంతకాలు పెడుతున్నారు. అందుకే ఆయన గురించి చెప్పాలని కూర్చున్నాను. నాకు కోపం ఎక్కువని మా అక్క అంటుంది. ఉండనీ.

ఆయన్ని అందరం గేటు బాబాయి అనేవాళ్ళం. పొట్టి మనిషి. కంపెనీ ఇచ్చిన యూనిఫాం చొక్కా భుజాల మీంచి జారుతూ ఉండేది. మాది మాత్రలు ప్యాకింగ్ చేసే కంపెనీ. హాల్లోకి సెల్‌ఫోన్ తీసుకెళ్ళకూడదు. దుమ్ము పడుతుందని పైకి చెబుతారు గానీ, ఎక్కడ ఫోటోలు తీసి బయటపెడతామోనని వాళ్ళ భయం. తలకి టోపీ, మూతికి మాస్కు, చేతులకి తొడుగులు వేసుకోబోయే ముందు ఎవరి ఫోను వాళ్ళు గేటు గదిలోని చెక్క గూళ్ళలో పెట్టి రావాలి. ఆ గూళ్ళకి కాపలా బాబాయి.

హాల్లో అందరం ఆడవాళ్ళమే. ఇళ్ళ దగ్గర పసిపిల్లలు, మంచాన పడ్డవాళ్ళు. అవసరానికి ఎవరైనా ఫోన్ చేస్తే ఎత్తే దిక్కుండాలి కదా. అందుకని, తిరిగి ఫోన్ చెయ్యాల్సి వస్తే పనికొస్తుందని, ఫోను ఎలా తెరవాలో కూడా బాబాయికి చెప్పి వెళ్ళేవాళ్ళం. ఫోను మోగితే ఆయన ఎత్తేవాడు, విషయం కనుక్కునేవాడు, పలక మీద సుద్దముక్కతో రాసుకుని మా హాలు గాజు తలుపు దగ్గరికి వచ్చి ఎత్తి చూపించేవాడు. "మీ వాడికి జ్వరం. మీ అత్తగారు డాక్టరుకి చూపించింది. కంగారు లేదు." మేం లోపల్నుంచి తల ఊపితే వెళ్ళి అవతలివాళ్ళకి జవాబు చెప్పేవాడు. ఆ "కంగారు లేదు" అనే మాట అవతలివాళ్ళు అంటేనే రాసేవాడు, తన దయ కొద్దీ కలిపేవాడు కాదు. ఒకసారి ఒకావిడ మొగుడు ఫోన్ చేసి చిందులు తొక్కితే, బాబాయి పలక మీద "కూరలో ఉప్పు లేదట. అరుస్తున్నాడు" అని రాసుకొచ్చాడు. హాలు హాలంతా మాస్కుల వెనక పగలబడి నవ్వాం. సూపర్‌వైజరు మా మీద ఎగిరాడు. బాబాయి మాత్రం పలక దించకుండా జవాబు కోసం నిలబడే ఉన్నాడు.

ఇది ఆయనకి గేటు దగ్గర అబ్బిన అలవాటు కాదు. ఇంటింటికీ ఫోన్లు రాని రోజుల్లో ఆయన ఒక టెలిఫోన్ బూత్ నడిపేవాడు. నాలుగు వీధులకీ అదొక్కటే ఫోను. ఎవరికి కాల్ వచ్చినా "కాసేపాగి మళ్ళీ చెయ్యండి" అని చెప్పి పరుగెత్తేవాడు. ఉద్యోగం వచ్చిందన్న కబురూ ఆయనే మోశాడు, మనిషి పోయాడన్న కబురూ ఆయనే మోశాడు. చావు కబురైతే ఆ ఇంటివాళ్ళకి తప్ప దారిలో ఎవరు అడిగినా నోరు విప్పేవాడు కాదట. విన్నది విన్నట్టు చెప్పాలి, చెప్పాక విననట్టు ఉండాలి అనేవాడు. వాళ్ళావిడని మేం పిన్ని అంటాం. ఆవిడ ఆయన్ని దెప్పేది. "లోకం కబుర్లన్నీ మోస్తారు. ఇంట్లో బియ్యం నిండుకున్నాయన్న కబురు మాత్రం ఈయన చెవికెక్కదు" అని. చేతిఫోన్లు వచ్చాక బూత్ మూతపడింది. గాజు డబ్బా పాతసామాన్లవాడికి పోయింది. చాలాకాలం ఖాళీగా తిరిగి, ఎవరి కాళ్ళో పట్టుకుంటే ఈ గేటు ఉద్యోగం దొరికింది. మళ్ళీ చుట్టూ ఫోన్లు మోగుతుంటే ఆయనకి ప్రాణం లేచొచ్చినట్టయింది.

ఇక మా అక్క. అక్క, నేను ఒకే హాల్లో, పక్కపక్కన పనిచేస్తాం. అక్క మొగుడు ఒకనాడు తాగొచ్చి గుద్దిన గుద్దుకి ముందు పళ్ళు ఊడిపోయాయి. ఆ రాత్రే ఇల్లు వదిలి నా దగ్గరికి వచ్చేసింది. ఇద్దరికీ ఒకే గది, ఒకే మంచం, వంతులవారీగా చాప. పళ్ళు లేని మనిషి పడే బాధ పళ్ళున్నవాళ్ళకి తెలియదు. అక్క కొట్టువాడితో మాట్లాడాలన్నా అరచెయ్యి అడ్డం పెట్టుకునేది. నవ్వొస్తే తల తిప్పుకునేది. ఏమిటే అంటే "నవ్వు నాలుగు విధాల చేటు" అని సామెత విసిరేది. హాల్లో అందరూ మాస్కుని తిట్టుకుంటుంటే అది మాత్రం ఇంటికెళ్ళే దాకా తీసేది కాదు.

పళ్ళు కట్టించుకోవాలని అక్క ఏళ్ళ తరబడి కూడబెట్టింది. తీసి పెట్టుకునేవి కాదు, కదలకుండా ఉండేవి. డాక్టరు చెప్పిన మొత్తం వినగానే నాకు కళ్ళు తిరిగాయి. అది మాత్రం అదనపు గంటలు చేసి, చెప్పులు తెగితే కుట్టించుకుని, జీతంలోంచి ఇంత అని బ్యాంకులో వేసుకుంటూ వచ్చింది. "పళ్ళొచ్చాక ముందు నన్నే కరుస్తావు" అని నేను ఏడిపించేదాన్ని. చివరికి డబ్బు సరిపోయింది. క్లినిక్ నుంచి కాల్ వస్తే బాబాయి గాజు తలుపు దగ్గర పలకెత్తాడు: "పళ్ళ డాక్టరు. వచ్చే వారం రమ్మన్నారు." హాలంతా చదివింది. అక్క సిగ్గుతో చచ్చిపోయింది. ఆ రోజంతా మాస్కు పైన దాని కళ్ళు వెలిగిపోతూనే ఉన్నాయి.

ఆ వారం మధ్యలో జీతాలు పడ్డాయి. పొద్దున్నే బాబాయి మళ్ళీ గాజు తలుపు దగ్గరికి వచ్చాడు. పలక మీద ఇలా ఉంది: "జీతాల ఆఫీసు. నీ ఖాతా సరిచూడాలట. లేకపోతే జీతం వెనక్కి పోతుందట. ఫోనుకి వచ్చిన నంబరు చెప్పమంటున్నారు. చెప్పనా?" బెల్టు మీద మాత్రల పట్టీలు ఆగకుండా వస్తున్నాయి. అక్క చేతులు రెండూ ఖాళీ లేవు. సూపర్‌వైజరు వెనకే ఉన్నాడు. అక్క తలెత్తి చదివి, తల ఊపింది. పక్కనే ఉన్న నేను కూడా పలక చదివాను. మాకు వింతేమీ అనిపించలేదు. ఆఫీసువాళ్ళు ఒకరోజు ఫోటో అంటారు, ఒకరోజు సంతకం అంటారు, ఇవాళ నంబరు అంటున్నారు అంతే అనుకున్నాం.

సాయంత్రం గేటు దగ్గర ఫోను తీసుకున్నప్పుడు బ్యాంకు మెసేజీలు వరసగా కనిపించాయి. ఖాతా ఊడ్చుకుపోయింది. అక్క ఆ మెసేజీలనే మళ్ళీ మళ్ళీ చదివింది. తర్వాత అక్కడే, గేటు గది గడప మీద కూలబడింది.

బాబాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. "నీ పేరు చెప్పాడమ్మా. మీ నాన్న పేరు చెప్పాడు. ఖాతా నంబరు మొత్తం చదివాడు. నీ బ్యాడ్జి నంబరు కూడా చెప్పాడు. బ్యాడ్జి నంబరు బయటివాడికి ఎలా తెలుస్తుంది? మన ఆఫీసే అనుకున్నాను. సాయంత్రం చెయ్యండి, ఆమె పనిలో ఉంది అన్నాను. అప్పటికి జీతం పోతుందన్నాడు."

బ్యాడ్జి నంబరు బయటివాడికి ఎలా తెలిసింది? ఈ ప్రశ్నకి ఇంతవరకూ కంపెనీ జవాబు చెప్పలేదు. జవాబు నాకు చేతులు కడుక్కునే చోట దొరికింది. లెక్కల విభాగంలో పనిచేసే అమ్మాయి కుళాయి బార్లా తిప్పి, ఆ చప్పుడులో చెప్పింది. మా జీతాల పని కంపెనీ ఎవరో బయటి సంస్థకి అప్పగించిందట. వాళ్ళ కంప్యూటర్లలోకి దొంగలు జొరబడ్డారట. మా పేర్లు, ఖాతాలు, ఫోన్ నంబర్లు, బ్యాడ్జి నంబర్లు అన్నీ మూటగట్టుకుని పోయారట. ఈ సంగతి మా పైవాళ్ళకి జీతాల రోజు కంటే చాలా ముందే తెలుసు. "పనివాళ్ళకి చెప్పొద్దు, కంగారు పడతారు" అని ఆర్డరు వచ్చిందట. మేం కంగారు పడతామని ఎంత బెంగ పాపం! ఒక్క ముక్క బాబాయి చెవిన వేస్తే చాలు, పలక మీద రాసి గాజు తలుపు దగ్గర రోజంతా పట్టుకుని నిలబడేవాడు. అక్కదే కాదు, ఇంకా కొందరి ఖాతాలు కూడా ఆ వారంలోనే ఖాళీ అయ్యాయి.

డబ్బు పోయిన మర్నాడు బ్యాంకుకి వెళ్ళాం. అక్కడి ఆఫీసరు చెడ్డవాడేమీ కాదు, అలసిపోయిన మనిషి. "ఆ నంబరు ఎవరు చెప్పారు?" అన్నాడు.

"నేనే చెప్పమన్నానండి" అంది అక్క, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఆయన పెన్ను కింద పెట్టేశాడు. "మీరే చెప్పమంటే మేం చేయగలిగింది లేదమ్మా. మీకు తెలియకుండా ఎవరైనా మీ ఫోను తీసి చెప్పి, మీరు పోలీసు ఫిర్యాదు ఇచ్చి ఉంటే, అప్పుడు పై ఆఫీసుకి పంపి చూడొచ్చు." ఆ మాట చెప్పి మా వెనక ఉన్నావిడని రమ్మన్నాడు.

ఆ సాయంత్రం బాబాయి మా గదికి వచ్చాడు. బ్యాంకులో ఏమన్నారని అడిగాడు. నేను కోపంలో ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన అక్క వైపు తిరిగి, "అయితే నా పేరు రాయమ్మా" అన్నాడు.

"ఏం మాటలు బాబాయ్ అవి?" అంది అక్క. "నేను తల ఊపాను."

"ఆ సంగతి నీకూ నాకూ తెలుసు. చాలు. నీకు తెలియకుండా నేనే తీశానని రాయి."

"నాకూ తెలుసు" అన్నాను నేను. "నేను చూశాను."

"నువ్వేమీ చూడలేదు" అన్నాడు బాబాయి. ఆయన గొంతులో అంత కరకుదనం నేను ఎప్పుడూ వినలేదు. మళ్ళీ అక్క వైపు తిరిగి మెత్తబడ్డాడు. "నా నోటితోనే కదమ్మా చెప్పాను. నీ పళ్ళ డబ్బు నా నోటి మీదుగా పోయింది. నీ డబ్బు నీకు రానీ. వచ్చాక స్టేషనుకి వెళ్ళి, పొరపాటు పడ్డాం, ఆయన తప్పేం లేదు అని చెప్పి కొట్టేయిద్దాం. పిన్నికి మాత్రం చెప్పకండి, గోల పెడుతుంది."

ఫిర్యాదు అంటే తడిగుడ్డతో తుడిస్తే పోయేది అనుకున్నాడు ఆ పిచ్చి మనిషి. మేం మాత్రం అనుకోలేదా? అనుకున్నాం. జన్మలో పోలీసు స్టేషను మెట్లెక్కని వాళ్ళం. ఒకరి మాటకి ఇంకో మాట కలపని మనిషి మొట్టమొదటిసారి ఒక అబద్ధం చెప్పమని అడుగుతున్నాడు, అదీ తన మీదే. అక్క ఆ రాత్రి అన్నం ముట్టలేదు. తెల్లారి లేచి, "డాక్టరు ఇచ్చిన రోజు దాటిపోతుందే" అంది. దాన్ని నేను తప్పు పట్టను. తప్పు పట్టేవాళ్ళు ముందు వాళ్ళ పళ్ళు ఊడగొట్టించుకుని రావాలి.

సంగతి ఎలా తెలిసిందో గానీ కంపెనీ పర్సనెల్ ఆఫీసరు మమ్మల్ని పిలిపించాడు. మేం చేరిన దగ్గర్నుంచి ఆ గదిలో మమ్మల్ని ఎవరూ కూర్చోమనలేదు. ఆ రోజు కుర్చీలు వేశారు, టీ తెప్పించారు. "మీకెందుకమ్మా శ్రమ, ఫిర్యాదు నేను రాయిస్తాను" అన్నాడు. నా ఒళ్ళు అప్పుడే మండాల్సింది. కాగితం వచ్చింది. చదివితే అందులో అక్క డబ్బు సంగతే కాదు, డబ్బు పోయిన మిగతావాళ్ళందరి సంగతీ ఉంది. గేటు కాపలావాడు ఫోన్లు తెరిచే విధం పనివాళ్ళ దగ్గర మాయమాటలతో తెలుసుకుని, బయటి దొంగలతో చేతులు కలిపాడని ఉంది.

"మా అక్క ఈ మాటలు అనలేదు" అన్నాను.

"చట్టం భాష అలాగే ఉంటుందమ్మా" అన్నాడు. "డబ్బు రావాలంటే గట్టిగా ఉండాలి."

అక్క సంతకం పెట్టింది. పేరు వంకర పోయింది.

ఆ మధ్యాహ్నమే బాబాయిని గేటు దగ్గర్నుంచి జీపులో తీసుకెళ్ళారు. మర్నాడు వదిలారు గానీ అప్పటికే ఉద్యోగం పోయింది. నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. ఒక ఉద్యోగి చేసిన నమ్మకద్రోహం వల్ల కొందరికి నష్టం జరిగిందట, కంపెనీ వ్యవస్థలన్నీ భద్రంగా ఉన్నాయట. అప్పుడు అర్థమైంది నాకు ఆ టీ దేనికో. వాళ్ళకి ఒక దొంగ కావలసి వచ్చాడు, మేం వెళ్ళి చేతిలో పెట్టాం.

ఫిర్యాదు నకలు బ్యాంకులో ఇచ్చాం. వాళ్ళ పై ఆఫీసు నుంచి జవాబు తొందరగానే వచ్చింది. ఫోను తెరిచే విధానాన్ని ఖాతాదారు తనంతట తాను వేరొకరికి చెప్పడం ఆమె నిర్లక్ష్యమే కాబట్టి డబ్బు ఇవ్వడం కుదరదు అని. ఆ ముక్క ఆ ఆఫీసరు మొదటి రోజే చెప్పి ఉంటే? చెప్పలేదు. ఆయనకీ తెలిసి ఉండదు. రెంటికీ చెడ్డ రేవడి అంటే మా అక్కే. క్లినిక్ వాళ్ళు ఇంకోసారి ఫోన్ చేసి, తర్వాత మానేశారు.

అక్కని వెంటబెట్టుకుని స్టేషనుకి పరుగెత్తాను. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటామంటే అక్కడి ఆయన మా వైపు చూసి నవ్వాడు. "ఇదేమన్నా పిల్లలాటా? అప్పుడు చెప్పింది అబద్ధమంటే నీ మీదే కేసు పెట్టాలి. పెట్టమంటావా?"

"మా అక్క తల ఊపడం నేను చూశానండి" అన్నాను.

"అయితే ముగ్గురూ కలిసే చేశారన్నమాట" అన్నాడు. అక్క నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

కంపెనీలో లెక్కల అమ్మాయిని బతిమాలాను, నువ్వైనా చెప్పు అని. కుళాయి కట్టేసి, తల వంచుకుని వెళ్ళిపోయింది. దానికీ ఇల్లుంది, అద్దె ఉంది. నేను నోటీసు బోర్డు దగ్గర నలుగురి ముందూ అరిచాను. హెచ్చరిక కాగితం చేతిలో పెట్టారు. ఇంకోసారి అరిస్తే మా ఇద్దరి పనీ పోతుందని సూపర్‌వైజరు చెవిలో చెప్పాడు. అరవడం మానేశాను.

ఇప్పుడు గేటు గదిలో చెక్క గూళ్ళు లేవు. ఇనప అరలు, తాళాలు వచ్చాయి. కొత్త కాపలావాడు ఏ ఫోనూ ముట్టుకోడు. అవి అరల్లో మోగి మోగి ఆగిపోతాయి. మాతో పనిచేసే ఒకావిడకి తల్లి పోయిన కబురు సాయంత్రం ఫోను తీసుకున్నాక తెలిసింది. గోడ మీద పెద్ద బొమ్మ వేశారు, మీ రహస్య నంబరు ఎవరికీ చెప్పకండి అని. మంచి మాటే. బ్యాంకు అన్నా చెప్పకూడదు, ఆఫీసు అన్నా చెప్పకూడదు. తొందరపెట్టేవాడిని అసలు నమ్మకూడదు. మన పుట్టుపూర్వోత్తరాలు చదివినంత మాత్రాన అవతలివాడు మనవాడు అయిపోడు, మన వివరాలు ఎక్కడెక్కడ అంగడికెక్కాయో మనకి తెలియదు. ఫోన్ పెట్టేసి, మనకి తెలిసిన నంబరుకి మనమే చేసి కనుక్కోవాలి. ఇవన్నీ నాకిప్పుడు కంఠతా వచ్చు. మా వివరాలు భద్రంగా దాచాల్సినవాళ్ళకి మాత్రం ఏ గోడ మీదా ఏ బొమ్మా లేదు.

బాబాయి వారం వారం స్టేషనుకి వెళ్ళి సంతకం పెట్టి రావాలి. ఇంకెక్కడా కాపలా పని ఇవ్వడం లేదు. పిన్ని మా మొహం చూడడం మానేసింది. వీధిలో ఎదురైతే అవతలి పక్కకి వెళ్ళిపోతుంది. పక్కింటివాళ్ళు బాబాయి కనిపిస్తే ఫోన్లు జేబుల్లో పెట్టుకుంటున్నారట. అది చెప్పి ఆయనే నవ్వాడు.

అలా నవ్విన రోజే, స్టేషను నుంచి వస్తూ మా గదికి వచ్చాడు. కేసు ఎప్పటికి తేలుతుందో తెలియదన్నాడు. అడిగినప్పుడల్లా అక్క రాయించినదే నిజమని చెబుతున్నానని, అక్క మీదికి ఏమీ రాదని, భయపడొద్దని చెప్పడానికే వచ్చానన్నాడు. అక్క ఏడుస్తూ మంచినీళ్ళిచ్చింది. ఆయన మంచం చివర కూర్చున్నాడు. అక్క ఫోను మంచం మీదే, ఆయన మోకాలి పక్కన ఉంది.

అది మోగింది. బాబాయి చెయ్యి దానంతట అదే కదిలింది. ఎత్తడానికి కూడా కాదు, తీసి అక్కకి అందించడానికి. ఆ చెయ్యి ఫోనుని తాకకముందే మా అక్క ఒక్క ఉదుటున వంగి దాన్ని లాక్కుని గుండెకి అదుముకుంది. కావాలని చెయ్యలేదు. అది నాకు తెలుసు, దానికి తెలుసు, ఆయనకీ తెలుసు. ఫోను దాని గుప్పిట్లో మోగుతూనే ఉంది.

బాబాయి చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. అక్క మొహం చూడకుండా, "మంచి పని చేశావమ్మా. అలాగే ఉండాలి" అన్నాడు.

ఆ మెచ్చుకోలు కంటే ఆయన మా ఇద్దర్నీ చెప్పుతో కొట్టినా బాగుండేది. లేచి, గ్లాసు జాగ్రత్తగా గోడవారన పెట్టి, వస్తానని చెప్పి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.